కోడికి రెండే కాళ్లు

మా రోజుల్లో అన్నం తినమని పిల్లల్ని ఎవరూ బతిమాలేవారు కాదు. "అన్నానికి రండర్రా" అని వంటింట్లోంచి ఒకటే కేక. ఆ కేకకి లేవకపోతే నీ వంతు మీగడ నీ తమ్ముడి కంచంలోకి పోయేది, నువ్వొచ్చి ఎంత ఏడ్చినా తిరిగొచ్చేది కాదు. ఇప్పుడో? నాలుగేళ్ల పిల్లాడి చుట్టూ ముగ్గురు పెద్దవాళ్లు నిలబడాలి, వాడి ముందు ట్యాబ్ పెట్టాలి, అందులో బొమ్మలు గంతులేస్తుంటే వాడు నోరు తెరుస్తాడు, తెరిచినప్పుడల్లా ఒక చెంచా లోపలికి తొయ్యాలి. తినేది ఇడ్లీయో ఉప్మాయో వాడికి తెలియదు. కడుపు నిండిందో లేదో అసలే తెలియదు. గిన్నె ఖాళీ అయిందా లేదా అన్నదొక్కటే తల్లికి లెక్క. కొన్నాళ్లకి డాక్టరు "బరువు కాస్త ఎక్కువుందమ్మా" అంటే ఇంటిల్లిపాదీ కలిసి నూనె మీద, మైదా మీద విరుచుకుపడతారు. ఆ ట్యాబ్‌ని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనరు.

నీకే చెబుతున్నానోయ్, విను. షార్జా నహ్దాలో ఇల్లు, దుబాయ్‌లో ఉద్యోగం, పొద్దున్నా సాయంత్రం ఇత్తిహాద్ రోడ్డు మీద బ్రేకు తొక్కుతూ కూర్చునే నీకే. ఒక్కగానొక్క కొడుకు, వాడికి దేనికీ లోటు రానివ్వకూడదని నీ తాపత్రయం. అన్నీ ఇచ్చావు. వాడి కంచం వంక ఆశగా చూసే ఇంకో పిల్లాణ్ణి మాత్రం ఇవ్వలేదు.

మేం కోనసీమలో ఒక పెంకుటింట్లో ఏడుగురం పెరిగాం. కొత్తావకాయ కలిపిన రోజున, జాడీలోకి ఎత్తేశాక బేసినుకి అంటుకుని మిగిలిన గుజ్జులోనే అమ్మ వేడన్నం వేసి, నెయ్యి పోసి కలిపి, మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టి చేతుల్లో ముద్దలు పెట్టేది. ఒక్కొక్కరికి ఒక్కో ముద్ద. నీ వంతు మళ్లీ రావాలంటే మిగతా ఆరుగురికీ పెట్టడం అవ్వాలి. ఈలోగా నమలాలి, కారానికి నీళ్లు తాగాలి, అక్క చెప్పే కబుర్లు వినాలి, అన్నయ్య ముద్ద నా ముద్ద కంటే పెద్దదని తగువు పెట్టుకోవాలి. నాలుగో చుట్టు వచ్చేసరికి కడుపు తనంతట తనే చాలనేది. నెమ్మదిగా తినండి, కడుపు నిండిన కబురు మెదడుకి చేరడానికి కాస్త సమయం పడుతుంది అని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారే, మా అమ్మకి ఆ పాఠం ఎవరూ చెప్పలేదు. ఏడుగురు పిల్లలు చుట్టూ కూర్చుంటే ఆ సమయం దానంతటదే గడిచిపోయేది.

గుడ్డు ఉడికించిన రోజు సంగతి చెప్పనేలేదు. కత్తితో కోస్తే పచ్చసొన కత్తికి అంటుకుపోతుందని అమ్మ కుట్టుదారం తీసేది. ఒక కొస పంటి కింద బిగబట్టి, రెండో కొస వేలికి చుట్టుకుని, దారం మధ్యలో గుడ్డు ఆనించి ఒక్క లాగు లాగేది. రెండు బద్దలు సరిసమానంగా విడిపోయేవి, పొట్టు రాలినట్టు ఒక్క నలుసు కూడా రాలేది కాదు. ఆ దారం పట్టుకున్నంతసేపూ మేం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. సగం గుడ్డు కోసం అంతసేపు ఎదురుచూసినవాడు దాన్ని గుటుక్కున మింగడు. తెల్లసొన అంచు ముందు, పచ్చసొన ఆఖరికి. నీ కొడుక్కి పొద్దున్నే రెండు గుడ్ల ఆమ్లెట్ వేసి, మీద చీజ్ ముక్క పరిచి పెడుతున్నారు. అది ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో వాడికి జ్ఞాపకమైనా ఉండదు.

నేనీ దేశం వచ్చింది 1980ల మొదట్లో. అప్పటికి దుబాయ్‌లో అందరూ మెడలెత్తి చూసే కట్టడమంటే 1979లో తెరిచిన వరల్డ్ ట్రేడ్ సెంటర్, 39 అంతస్తులు. ఇప్పుడు అంతకంటే ఎత్తులో జనం కాపురాలుంటున్నారు, బాల్కనీలో తులసి కుండీ పెట్టుకుని. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు. దేరాలో ఒక గదిలో ఎనిమిదిమందిమి ఉండేవాళ్లం. డ్యూటీ దిగి వచ్చాక నేల మీద ఖలీజ్ టైమ్స్ కాగితాలు పరిచి, మధ్యలో అన్నం తపేలా, పప్పు గిన్నె పెట్టుకుని చుట్టూ చేరేవాళ్లం. వంట వంతులవారీ. ఒకడికి బస్సు ఆలస్యమైతే తక్కిన ఏడుగురూ ఆగేవారు. చిన్నవాళ్లం కాదు, మీసాలొచ్చిన మగాళ్లం, అయినా ఒక్కడే ముందు తినేస్తే తప్పుగా ఉండేది. ఇంటి బెంగ ఆ పప్పన్నంతోనే సగం తీరేది.

తర్వాత కుటుంబాన్ని తెచ్చుకుని షార్జా రోలాలో ఒక బెడ్రూమ్ ఫ్లాట్లో దిగాను. అక్కడి పెద్ద మర్రిచెట్టు 1978లోనే పడిపోయిందట, నేను చూడలేదు, పాతకాపులు మాత్రం చెప్పుకుంటూనే ఉండేవారు. మాకు ముగ్గురు పిల్లలు. వారానికి శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ రోజు ఒక కోడి తెచ్చేవాణ్ణి. కోడికి రెండే కాళ్లు, పిల్లలు ముగ్గురు. దేవుడే పెట్టిన చిక్కు అది. మా ఆవిడ దానికి ఒక పద్ధతి పెట్టింది. గోడకి, ఊరికి డబ్బు పంపే ఎక్స్చేంజి వాళ్లిచ్చిన క్యాలెండరు ఉండేది. శుక్రవారం గడిలో పెన్సిలుతో రెండక్షరాలు రాసేది, ఆ వారం కాళ్లు ఎవరివో. మూడోవాడికి కందనకాయ, ఊరడింపుగా ఇంకో మాంసం ముక్క. పిల్లలు బడిలో ఎక్కాలు ఎంత నేర్చారో తెలియదు గానీ ఆ క్యాలెండరు లెక్కలో ఒక్క తప్పు రానిచ్చేవారు కాదు. పెద్దమ్మాయి రెండు నెలల ముందు గళ్లు కూడా చూసి పెట్టుకునేది. పరీక్షల ముందు వారం తమ్ముడికి తన కాలు ఇచ్చేసి, పరీక్షలయ్యాక రెండు తీసుకునేలా ఒప్పందం చేసుకుంది ఒకసారి. ఇవ్వడం, పుచ్చుకోవడం, ఆగడం, తనకింతే అని ఒప్పుకోవడం, అన్నీ ఒక కోడికూర గిన్నె దగ్గరే నేర్చుకున్నారు.

ఇవాళ హైపర్‌మార్కెట్‌కి వెళ్లి చూడు. అట్టపెట్టె నిండా కాళ్లే. కోడి ఏదీ? మెడ ఏదీ, కందనకాయ ఏదీ? ఒక ప్యాకెట్లో అయిదారు కోళ్ల కాళ్లు తెచ్చి వేయించి, ఒక్క పిల్లాడి ముందు పెడితే వాడికి ఎన్నో కాలు దగ్గర ఆగాలో ఎలా తెలుస్తుంది? ఎదురుగా ఎవరూ లేరు. వంతు లేదు, తగువు లేదు. మిగిలితే "తినెయ్ నాన్నా, పారేయకూడదు" అని అమ్మ అంటుంది. మీ అమ్మా అదే అంది, నిజమే. కానీ మీ అమ్మ అన్నది అందరికీ పంచాక నీ కంచంలో పడిన పిడికెడు గురించి.

1986 ఏప్రిల్ 18న షార్జా స్టేడియంలో ఆఖరి బంతికి పాకిస్తాన్ మియాందాద్ సిక్సర్ కొట్టి మన జట్టుని ఓడించాడు, గుర్తుందా? నువ్వు పుట్టలేదేమో. అది శుక్రవారం. మా బిల్డింగులో కింది అంతస్తు పాకిస్తానీలు మెట్ల మీద మిఠాయి పంచుతుంటే మా ఇంట్లో చావు జరిగినట్టు ఉంది. అబ్బాయి అన్నం తిననని మంచం కిందికి దూరాడు. మా ఆవిడ బతిమాలలేదు. అందరికీ వడ్డించి, వాడి కంచం కూడా వాడి చోటులో పెట్టింది. చెల్లెలు "అన్నయ్యకి వద్దయితే ఆ కాలు నేను తింటా" అన్నది. వాడు మంచం కింద నుంచి ఎంత వేగంగా వచ్చాడో చెప్పలేను. ఏడుస్తూనే తిన్నాడు, చెల్లెలి వంక కోపంగా చూస్తూ. మర్నాడు సాయంత్రం బిల్డింగు వెనక ఇసుకలో అదే పాకిస్తానీ పిల్లలతో క్రికెట్. చీకటి పడేదాకా పరుగులే. ఆ ఇసుక మైదానం ఇప్పుడు కార్ పార్కింగు.

ఇప్పుడు మా ఇంటి తీరు చెబుతాను, మీ ఇంటి తీరూ ఇంచుమించు ఇంతే. తెల్లవారుతూనే స్కూలు బస్సు. మనవడు పాలు తాగాడో లేదో, కారప్పూస డబ్బా చేతికిచ్చి పంపుతారు. మధ్యాహ్నం తిరిగొచ్చి ఒక్కడే తింటాడు, ట్యాబ్ తోడు. నాలుగింటికి చిప్స్ ఒమాన్ ప్యాకెట్, ఒక జ్యూసు డబ్బా. కింద గ్రోసరీకి ఫోను కొడితే అయిదు దిర్హాముల చాక్లెట్టయినా తలుపు దగ్గరికి తెచ్చిస్తారు, పిల్లాడికి మెట్లు దిగే పని కూడా లేదు. సాయంత్రం వేళకి కోడలు ఆఫీసు నుంచి వచ్చి తనకి కాస్త రోటీ చేసుకుంటుంది, డైటట. మావాడు రాత్రి తొమ్మిదికి వచ్చి, ఫోను చూసుకుంటూ వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటాడు. అప్పటికి పిల్లాడి రెండో భోజనం అయిపోయి ఉంటుంది. నాన్న తినేది చూసి వాడికి మళ్లీ ఆకలేస్తుంది, మూడోది మొదలవుతుంది. ఒక ఇల్లు, నాలుగు వేళలు, అయిదు రకాల తిండి. ఒక్క రోజు వండకపోతే హోటలు తిండి మోసుకొచ్చే తలాబాత్ మోటారుసైకిలు. తలా ఒక పెట్టె, తలా ఒక మూల.

మాకు సెలవు ఒక్క శుక్రవారమే. 2006లో శుక్ర, శనివారాలు చేశారు. 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు, శుక్రవారం సగం పూట. షార్జాలో సర్కారు ఉద్యోగులకైతే ఏకంగా మూడు రోజులు. సెలవులు పెరిగాయి, కలిసి కూర్చుని తినే పూటలు తగ్గాయి. సెలవైతే మాల్‌కి పోవడం, అక్కడ ఫుడ్‌కోర్టులో పిల్లాడికి ఒక ట్రే, తండ్రికి ఒక ట్రే, తల్లికి ఒకటి. అది కలిసి తినడం కాదోయ్, పక్కపక్కన తినడం.

ముసలాడు పాతకాలం పాట పాడుతున్నాడని అనుకోకు. చదువుకున్నవాళ్లూ ఇదే చెప్పారు. రానా మోస్లి అని సౌదీ పరిశోధకురాలు, మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి, అమెరికాలో 697 మంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచి ఒకటో తరగతి దాకా చూసిన లెక్కలు తీసింది. 2016లో పీడియాట్రిక్స్ అనే పత్రికలో వేశారు. పిల్లాడికి రెండు నుంచి నాలుగున్నర ఏళ్ల మధ్య ఒక తమ్ముడో చెల్లెలో పుడితే, ఒకటో తరగతికి వచ్చేసరికి వాడి ఒంటి తీరు ఆరోగ్యంగా ఉందట. అసలు తోబుట్టువే పుట్టని పిల్లల్లో ఊబకాయం వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు. ఎందుకలా అంటే వాళ్లు ఖాయంగా చెప్పలేదు. చిన్నవాడు పుడితే తల్లి పెద్దవాడికి పెట్టే తీరు మారుతుందేమో, ఇద్దరూ కలిసి ఆడతారు కాబట్టి ఒళ్లు కదులుతుందేమో అన్నారు. ఆ 'ఏమో' వాళ్లకి ఉంది. దారంతో కోసిన గుడ్డు తిన్నవాణ్ణి, నాకు లేదు.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో 17 అధ్యయనాలు ఒకచోట పోగుచేసి, లక్షా ఎనభై రెండు వేలకి పైగా పిల్లల లెక్క చూశారు. వారానికి మూడు పూటలో అంతకంటే ఎక్కువో ఇంటిల్లిపాదితో కలిసి తినే పిల్లల్లో అధిక బరువు 12 శాతం తక్కువ కనిపించింది. మూడు పూటలు! రోజూ కాదు. మేం వారానికి ఇరవై ఒక్క పూటలు తిన్నాం.

ఇంకో మాట, ఇది మన జాతికి ప్రత్యేకం. పుణేలో డాక్టర్ సి.ఎస్. యాజ్ఞిక్ చాలా ఏళ్లుగా చెబుతున్నారు, మన శిశువులు పుట్టుకతోనే చూపుకి సన్నం, ఒంట్లో కొవ్వు మాత్రం పాళ్లకి మించి అని. పెద్దయ్యాక తక్కువ బరువుకే మనకి షుగరు తగులుకోవడానికి అదీ ఒక కారణం. అందుకని తెల్లపిల్లాడి బొద్దుతనం వేరు, మన పిల్లాడి బొద్దుతనం వేరు. ఊరికెళ్తే "అబ్బ, దుబాయ్ నీళ్లు బాగా పట్టాయి" అని బుగ్గలు గిల్లుతారే, ఆ మాటకి పొంగిపోకు.

ఈ దేశం తన వంతు చేసింది, కాదనను. పిల్లల్లో ఊబకాయాన్ని 2021 నాటికి 12 శాతానికి దించాలని జాతీయ లక్ష్యంగానే పెట్టుకుంది. 2017 అక్టోబరులో గ్యాసు డ్రింకుల మీద 50 శాతం పన్ను వేసింది, 2019 డిసెంబరులో చక్కెర కలిపిన తక్కిన పానీయాల మీద కూడా. అయితే నీ కొడుకు ఎవరితో కూర్చుని తింటున్నాడో ఏ మంత్రి వచ్చి చూస్తాడు?

ఇదంతా నేను మొదలెడితే మా కోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "మామయ్యగారూ, మీ రోజుల్లో సగం గుడ్డు పెట్టింది ఆరోగ్యం కోసం కాదు, రెండో గుడ్డు లేక" అంటుంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా ఏడుగురిలో ఇద్దరికి పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపించేవి. మా వీధిలో పొట్ట ఉబ్బి, కాళ్లు పుల్లల్లా ఉన్న పిల్లలు ఉండేవారు, అది బలుపు కాదు, ఆకలి. అది తిరిగి రావాలని ఎవడూ కోరుకోడు. "ఇంకొకణ్ణి కనమంటారు, స్కూలు ఫీజు మీరు కడతారా" అని కూడా అంటుంది. అదీ న్యాయమే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం బయట పనిచేయడాన్నే ప్రభుత్వం నిషేధిస్తుంది, ఆ ఎండలో పిల్లాణ్ణి ఆడుకోమని కోడలు ఎక్కడికి పంపుతుంది? రోజంతా ఉద్యోగం చేసి వచ్చి, వండి, చదివించి, పడుకోబెట్టే పిల్ల అది. ట్యాబ్ ఇచ్చేది బద్ధకంతో కాదు, ఆ పావుగంట ఊపిరి పీల్చుకోవడానికి. నా కాలంలో మా ఆవిడకి ఆ పావుగంట అవసరం రాకపోవడానికి కారణం, పెద్దమ్మాయి చిన్నవాళ్లకి తినిపించడమే. ఇప్పుడీ ఇంట్లో అలాంటి పెద్దమ్మాయి లేదు. ఆ పని తండ్రి చెయ్యాలి. అదిగో, అక్కడే మావాడు ఫోను చూసుకుంటుంటాడు.

కలిసి తినడం ఈ దేశంలో కుదరదని మాత్రం అనకు. రంజాన్‌లో చూడు. సూర్యుడు దిగేవేళకి దుబాయ్‌లో పోలీసులు ఫిరంగి పేలుస్తారు. అంతే, ఊరికి ఊరే కూర్చుంటుంది. పొద్దుటి నుంచి బండి నడిపిన టాక్సీ డ్రైవరు, కోటు తొడుక్కున్న మేనేజరు, మసీదు పక్క గుడారంలో ప్లాస్టిక్ సుఫ్రా పరిచి బారులు తీరిన కూలీలు, అందరికీ ఒకే వేళ. రోలాలో ఉండగా ఒక ఎమిరాతీ పొరుగింటాయన మమ్మల్ని ఇఫ్తార్‌కి పిలిచాడు. పెద్ద పళ్లెంలో అన్నం, మీద మాంసం, పక్కన గిన్నెలో హరీస్. పెద్దవాళ్లూ పిల్లలూ అదే పళ్లెం చుట్టూ. ఆయన మాంసం విడదీసి ముక్కలు పిల్లల వైపు జరుపుతున్నాడు. ఒక బుడ్డోడు తన ముందున్నది వదిలి అన్న ముందుకి చెయ్యి చాపితే, నాయనమ్మ ఆ చేతి మీద ఒక్కటి చిన్నగా వేసింది. నాకు మా అమ్మ కనిపించింది. ఆ ఇంట్లో ఇవాళ తలాబాత్ పెట్టెలు వస్తున్నాయో ఏమో. అయినా ఏడాదికి ఒక నెల ఆ ఫిరంగి మోతకి వాళ్లు ఒకచోటికి చేరుతున్నారు. మనకి ఫిరంగి లేదు, అమ్మ కేక ఉండేది. దాన్ని పోగొట్టుకున్నాం.

అమెరికాలో ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు ఒక పద్ధతి చెప్పింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లాడి పని. మన ఇళ్లలో ఇది తిరగబడింది. ఏం కావాలో పిల్లాడు చెబుతాడు, ఎప్పుడో వాడే చెబుతాడు, ఎక్కడో వాడే, సోఫాలో. ఎంత తినాలో మాత్రం మనం వాడి నోట్లో కుక్కి తేలుస్తాం.

కాబట్టి అబ్బాయ్, ఇంకో బిడ్డని కనమని నేను చెప్పను, అది మీ ఇష్టం, మీ జీతం. నీ బిల్డింగులో నీ కొడుకు ఈడు పిల్లలు కనీసం పదిమంది ఉంటారు, మలయాళీలో, తమిళులో, హైదరాబాదు వాళ్లో. వారానికి ఒక పూట ఇద్దర్ని పిలిచి నీ కొడుకు పక్కన కూర్చోబెట్టు, ఇంకో పూట వీణ్ణి వాళ్లింటికి పంపు. కోడిని కోడిగానే కొను. నేల మీద చాప వేసినా సరే, టేబులైనా సరే, గిన్నెలు మధ్యలో పెట్టు, వాణ్ణి వడ్డించమను. చాలన్నప్పుడు చాలననివ్వు, మిగిలిన నాలుగు మెతుకుల కోసం వెంటపడకు. ట్యాబూ నీ ఫోనూ పక్కగదిలో ఉండాలి, ముందు నీది. తొమ్మిదికి వచ్చేవాడివి వారానికి మూడు రాత్రులు ఏడున్నరకి ఇంటికి రా. ఆఫీసు ఒప్పుకోదంటావు. అడిగావా?